ఆదాయపు పన్ను: నివాసులు, ప్రవాసులు, పరదేశులు

ఆదాయపు పన్నును గూర్చి మనలో చాలమందికి రెండు అభిప్రాయములు స్థిరపడి యున్నవి. భారతీయుడు ఏ దేశమున సంపాదించినను ఆ సంపాదనపై భారతదేశమునకు పన్ను కట్టవలెననునది మొదటిది. ఊరు విడిచి విమానమెక్కినవానికి ఇచ్చటి పన్నుతో ఇక పనిలేదనునది రెండవది. రెండును పొరపాటే. మన చట్టము మనిషిని మొదట అడుగు ప్రశ్న "ఈ సంవత్సరము ఈ దేశమున ఎన్ని దినములు ఉంటివి?" అనునది. రెండవ ప్రశ్న "నీ ఆదాయము ఎచ్చట పుట్టినది?" అనునది. పౌరసత్వము మాట ఆ తరువాత కొన్ని సందర్భములలో మాత్రమే వచ్చును. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము తెలిసినవానికి అనవసరముగ చెల్లింపు తప్పును. తెలియనివానికి కష్టార్జితము నెలల తరబడి ఖజానాలో చిక్కుకొనును. కావున ఈ ప్రసంగములో ఆ లెక్కను కొంత విడమరచి చెప్పదలచినాము.

చిత్తూరు సీమ పడమటి కొసన ఉన్న బైరెడ్డిపల్లెను దృష్టాంతముగ తీసికొందుము. ఆ ప్రాంతమున తెలుగు, కన్నడ, తమిళ దేశముల ఎల్లలు దగ్గర దగ్గరగా కలియును. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము చుట్టుప్రక్కల పల్లెలవారికి ఎల్ల దాటి పోయి సంపాదించుట నేటి మాట కాదు. ఒకప్పుడు కోలారు బంగారు గనులకు పోయినారు. నేడు బెంగుళూరునకు పోవుచున్నారు. రాయలసీమ నుండి కువైటునకు పోవువారి వరుస అర్ధ శతాబ్దముగ సాగుచున్నది. చదువుకొన్న పిల్లలు అమెరికా చేరుచున్నారు.

ఈ ఎల్లకు పన్ను చరిత్రలోను ఒక విశేషము కలదు. మన దేశమున ఆదాయపు పన్ను 1860లో పుట్టినది. 1857 తిరుగుబాటు వలన కలిగిన లోటును పూడ్చుటకు నాటి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దానిని ప్రవేశపెట్టెను. 1886లో సమగ్రమైన చట్టము వచ్చినది. సేద్యపు ఆదాయమునకు మినహాయింపు ఆనాటి నుండి నిలిచినది. 1922లో మరియొక చట్టము వచ్చినది. అయితే ఈ చట్టములన్నియు బ్రిటిష్ ఇండియాకే చెల్లినవి. బైరెడ్డిపల్లె మద్రాసు రాష్ట్రమున ఉండెను. పడమరగా కొలది దూరము పోయినచో మైసూరు సంస్థానము. మైసూరునకు తన సొంత ఆదాయపు పన్ను చట్టము వేరుగా ఉండెను. అనగా ప్రక్క ఊరి సంత పన్ను లెక్కకు పరదేశమే. గని కూలీల వేతనము పన్ను హద్దునకు అందునంతటిది కాదు గాని, ఆవల వర్తకము చేసి లాభము తెచ్చుకొనువానికి ఇది పెద్ద విషయము. 1941 తరువాతి నియమము ప్రకారము సంస్థానమున పుట్టిన ఆదాయము అచ్చటనే ఉన్నంతవరకు ఈవలి పన్ను నుండి మినహాయింపు పొందెడిది. ఎల్ల దాటించి ఇటు తెచ్చినప్పుడు పన్నునకు లోబడెడిది. మైసూరు భారతదేశమున చేరిన పిదప, 1950 ఏప్రిల్ 1 నుండి కేంద్రపు చట్టము అచ్చటికి కూడ విస్తరించినది. ఆనాటితో ఈ ఎల్ల పన్ను లెక్కలో చెరిగిపోయినది. ఇప్పుడు ఆ పాత్ర కువైటు, డాలస్ వంటి దూరపు ఊళ్లకు సంక్రమించినది.

దినముల లెక్క కూడ ఆ పాత చట్టము నుండి వచ్చినదే. 1939లో చేసిన సవరణ నివాసమును ఆధారముగ చేసికొని మనుషులను మూడు తరగతులుగ విభజించెను. 182 దినముల కొలత ఆనాటిదే. తరువాత 1961 చట్టము వచ్చి, 1962 ఏప్రిల్ 1 నుండి ఆరు దశాబ్దములకు పైగా నడచెను. దాని స్థానమున 2025 ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చునట్లు శాసించబడినది. భాష సుళువైనది, పూర్వ సంవత్సరము, నిర్ధారణ సంవత్సరము అను రెండు పేర్ల గందరగోళము పోయి "పన్ను సంవత్సరము" అను ఒక్క పేరు నిలిచినది. నివాస నియమముల సారము మాత్రము మారలేదు.

ఆ నియమములను ఇప్పుడు చూతము. పన్ను సంవత్సరము ఏప్రిల్ 1న ఆరంభమై మార్చి 31న ముగియును. ఆ సంవత్సరమున 182 దినములు గాని అంతకు మించి గాని భారతదేశమున ఉన్నవాడు నివాసి. అన్ని దినములు లేకపోయినను, ఆ సంవత్సరమున 60 దినములుండి, దానికి ముందటి నాలుగు సంవత్సరములలో కలిపి 365 దినములున్నచో అప్పుడును నివాసియే. ఈ రెండు కొలతలకును అందనివాడు ప్రవాసి, అనగా అనివాసి.

రెండవ కొలతకు రెండు సడలింపులు కలవు. ఉద్యోగమునకై విదేశమునకు బయలుదేరిన భారత పౌరునికి, బయలుదేరిన ఆ సంవత్సరమున 60కి బదులు 182 దినములు చూతురు. విదేశమున స్థిరపడి చుట్టపు చూపుగ వచ్చు భారత పౌరునికి, భారత సంతతివానికి కూడ 182 దినములే. కాని ఇట్లు వచ్చువానికి విదేశపు ఆదాయము కాక మిగిలిన ఆదాయము 15 లక్షల రూపాయలు మించినచో, 2020లో చేసిన సవరణ ప్రకారము ఆ గడువు 120 దినములకు తగ్గును.

నివాసులలో మరల రెండు రకములు. గడచిన పది సంవత్సరములలో తొమ్మిదింట ప్రవాసిగ ఉన్నవాడు గాని, గడచిన ఏడు సంవత్సరములలో కలిపి 729 దినములకు మించి ఇచ్చట ఉండనివాడు గాని నివాసియే అయినను "సాధారణ నివాసి" కాడు. 120 దినముల నియమము వలన నివాసియైనవాడు కూడ ఈ మధ్య తరగతిలోనే చేరును.

ఈ మూడు తరగతులకును మూడు వలయములు గీచినారు. సాధారణ నివాసికి ప్రపంచమున ఎచ్చట ఆదాయము పుట్టినను ఇచ్చట పన్ను కలదు. ప్రవాసికి భారతదేశమున పుట్టిన ఆదాయముపైనను, ఇచ్చట చేతికందిన ఆదాయముపైనను మాత్రమే. మధ్య తరగతివానికి ప్రవాసికి వలెనే గాక, భారతదేశము నుండి నడపు వ్యాపారపు విదేశీ లాభముపై కూడ పన్ను కలదు. అతని ఇతర విదేశీ ఆదాయము జోలికి చట్టము పోదు. విదేశమున ఒకసారి చేతికందిన జీతమును తరువాత ఇంటికి పంపినంత మాత్రమున అది ఇచ్చట అందిన ఆదాయము కాదు. తమ్ముడు కువైటులో జీతము తీసికొని బైరెడ్డిపల్లెకు పంపిన సొమ్ముపై ఇచ్చట పన్ను లేదు.

ఇక ఒక ఇంటిని ఊహించుకొందము. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు ఊరిలోనే సేద్యము చేయును. నడిమివాడు ఇంజనీరు, కువైటునకు పోయినాడు. చిన్నవాడు అమెరికాలో ఉన్నాడు. తలిదండ్రులు పెద్దవాని వద్ద ఉన్నారు. ఒకే ఇల్లు, పన్ను లెక్కలు మాత్రము వేరువేరు.

పెద్దవాడు సాధారణ నివాసి. అందు సందేహము లేదు. మదనపల్లె మార్కెట్టుకు తోలిన టమాటా మీది ఆదాయము సేద్యపు ఆదాయము. దానిపై పన్ను వేయు అధికారము రాజ్యాంగము ప్రకారము కేంద్రమునకు లేదు, రాష్ట్రమునకే కలదు. మల్బరీ ఆకు అమ్మినచో అదియు సేద్యమే. కాని ఆ ఆకును పురుగులకు వేసి పట్టుగూళ్లు అమ్మినచో ఆ ఆదాయము సేద్యపు ఆదాయము కాదని సుప్రీం కోర్టు 1999లో తీర్పు చెప్పినది. పాలు అమ్మగా వచ్చినదియు అట్టిదే. ఐనను అతడు వెంటనే భయపడ నవసరము లేదు. 2025-26 సంవత్సరమునకు కొత్త విధానములో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు నూటికి 5, 12 లక్షల వరకు 10, 16 లక్షల వరకు 15, 20 లక్షల వరకు 20, 24 లక్షల వరకు 25, ఆపైన 30 వంతున మెట్లు మెట్లుగ పెరుగును. అంతేగాక మొత్తము ఆదాయము 12 లక్షలు దాటని నివాసికి రాయితీ వలన, ప్రత్యేక రేటుగల ఆదాయములు లేనంతవరకు, పన్ను పూర్తిగ పోవును.

ఈ రాయితీ నివాసికి మాత్రమే అను సంగతి పలువురు గమనింపరు. భారతదేశమున 8 లక్షల వడ్డీ ఆదాయము కల నివాసికి పన్ను సున్న. అదే ఆదాయము కల ప్రవాసికి 20,000 రూపాయల పన్నును, దానిపై నూటికి 4 వంతున 800 రూపాయల సెస్సును కలిపి 20,800 రూపాయలు. ప్రవాసికి పన్ను తక్కువ అను సామాన్యాభిప్రాయము ఇక్కడ తారుమారగుచున్నది.

ఇక నడిమివాడు. అతనికి మొదటి ప్రశ్న ఏ దినమున బయలుదేరినాడు అనునది. ఏప్రిల్ 1 నుండి లెక్కించినచో సెప్టెంబరు 28 నాటికి 181 దినములు. 29 నాటికి 182. వచ్చిన దినము, పోయిన దినము రెండును లెక్కలో చేరుననుకొని జాగ్రత్తపడుట మేలు. ఉద్యోగమునకై సెప్టెంబరు 28న విమానమెక్కినచో ఆ సంవత్సరమునకు అతడు ప్రవాసి. కువైటు జీతముపై ఇచ్చట పన్ను లేదు. కువైటులో వ్యక్తుల జీతముపై ఆదాయపు పన్నే లేదు. మరునాడు ఎక్కినచో అతడు ఆ సంవత్సరమునకు సాధారణ నివాసి. మార్చి లోపల అచ్చట 15 లక్షల జీతము వచ్చినదనుకొందము. జీతగాండ్రకిచ్చు 75,000 మినహాయింపు పోగా 14,25,000 మిగులును. దానిపై పన్ను 93,750. సెస్సుతో కలిపి 97,500 రూపాయలు. టిక్కెట్టు మీది ఒక్క తేదీ విలువ అంత. డ్రైవరుగనో, ఇంటి పనికో పోయినవారి ఆరు నెలల జీతము 12 లక్షల లోపలనే ఉండును గనుక వారికి రాయితీ కాపాడును. పెద్ద జీతమునకు పోవువారు మాత్రము తేదీని ముందుగనే చూచుకొనవలెను.

2020 బడ్జెట్టు సమయమున గల్ఫు కుటుంబములలో ఒక కలవరము పుట్టినది. ఏ దేశమునకును పన్ను కట్టని భారత పౌరుని భారత నివాసిగ భావింతురను నిబంధన ఆ బడ్జెట్టులో కనబడినది. గల్ఫు జీతములపై పన్ను వేయుటకే ఇది వచ్చినదని ప్రచారము జరిగెను. ప్రత్యక్ష పన్నుల కేంద్ర మండలి ఫిబ్రవరి 2ననే ఆ భయము అక్కరలేదని ప్రకటించినది. తుదకు చట్టమైన రూపము ఇది: విదేశపు ఆదాయము కాక మిగిలినది 15 లక్షలు మించినవానికే ఆ నిబంధన వర్తించును, వర్తించినను అతడు మధ్య తరగతిలోనే ఉండును. అతని కువైటు జీతమునకు ఇచ్చట పన్ను రాదు. గల్ఫులో కూడ కాలము మారుచున్నది. ఒమాను దేశము సంవత్సరమునకు 42,000 రియాలులు మించిన ఆదాయముపై నూటికి 5 వంతున పన్ను 2028 జనవరి నుండి విధించుటకు 2025లో శాసనము చేసినది. అచ్చటి సామాన్య కార్మికుని జీతము ఆ హద్దునకు అందదు.

నడిమివానికి నిజమైన చిక్కు తరచుగ బ్యాంకులో వచ్చును. ఊరిలో ఉన్నప్పుడు తెరచిన మామూలు సేవింగ్సు ఖాతాను పలువురు అట్లే ఉంచి పోవుదురు. విదేశమున ఉద్యోగమునకు పోయినవాడు దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగ మార్పించుకొనవలెను. విదేశమునుండి పంపు సొమ్మునకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరుగ తెరువవచ్చును. ఎన్.ఆర్.ఇ. ఖాతా వడ్డీపై ఇచ్చట పన్ను లేదు. ఎన్.ఆర్.ఓ. ఖాతా వడ్డీపై బ్యాంకు మూలమునందే నూటికి 30, సెస్సుతో కలిపి 31.2 వంతున కోయును. లక్ష రూపాయల వడ్డీలో 31,200 పోవును. ఇచ్చట అతనికి వేరే ఆదాయము లేనిచో అది 4 లక్షల లోపలిదే కనుక ఆ సొమ్మంతయు అతనికి తిరిగి రావలసినదే. కాని రిటర్ను దాఖలు చేయనిచో తిరిగి రాదు. "మాకు పన్ను లేదు కదా, రిటర్నెందుకు?" అని ఊరకున్న కుటుంబములు తమ సొమ్మును తామే వదలుకొనుచున్నవి.

అంతకన్న పెద్ద చిక్కు స్థలము అమ్మునప్పుడు. నడిమివాడు కొన్ని సంవత్సరముల క్రిందట పలమనేరు పట్టణమున 10 లక్షలకు కొన్న ఇంటి స్థలమును తండ్రి వైద్యమునకై 30 లక్షలకు అమ్ముచున్నాడనుకొందము. అమ్మువాడు నివాసియైనచో, ధర 50 లక్షల లోపల ఉన్నది గనుక కొనువాడు ఏమియు కోయనక్కరలేదు. అమ్మువాడు ప్రవాసియైనచో ధర ఎంత తక్కువైనను కొనువాడు పన్ను కోసి కట్టవలసినదే. 2024 జూలై 23 నుండి ఇట్టి దీర్ఘకాలపు లాభముపై పన్ను నూటికి పన్నెండున్నర. 20 లక్షల లాభముపై 2,50,000. సెస్సుతో 2,60,000 రూపాయలు. కాని లాభమెంతో ఆదాయపు పన్ను అధికారి పత్రము చూపనిచో, కొనువాడు తన క్షేమమునకై మొత్తము 30 లక్షలపైనను కోయుట పరిపాటి. అప్పుడు పోవునది 3,90,000. అదనముగ పోయిన 1,30,000 రూపాయలు రిటర్ను వేసి, అది తేలి, తిరిగి వచ్చువరకు ఆగవలెను. ఆసుపత్రి బిల్లు ఆగదు. కావున బేరము కుదిరిన వెంటనే, రిజిస్ట్రేషనునకు ముందే, తక్కువ కోతకు అనుమతి పత్రము కోరి దరఖాస్తు పెట్టుకొనవలెను. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలము విషయమున ధరల పెరుగుదలను తీసివేసి నూటికి 20 వంతున లెక్క కట్టుకొను వికల్పము నివాసికే కలదు, ప్రవాసికి లేదు.

పల్లెలోని సేద్యపు భూమి మాట వేరు. మునిసిపాలిటీ హద్దునకు చట్టము చెప్పిన దూరము ఆవల ఉన్న సేద్యపు భూమిని అమ్మిన లాభముపై నివాసికిని, ప్రవాసికిని పన్ను లేదు. ఆ దూరము పట్టణ జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్లుగ మారును. తాతల నాటి పొలమునకును, పట్టణపు స్థలమునకును చట్టము ఇట్లు భేదము చూపుచున్నది.

ఇక చిన్నవాడు. అమెరికా పద్ధతి రెండు విధముల భిన్నమైనది. అచ్చటి పౌరుడు, గ్రీన్ కార్డు పొందినవాడు ఏ దేశమున ఉన్నను తన ప్రపంచ ఆదాయము నంతటిని అచ్చట చూపవలసినదే. పౌరసత్వమునే పన్నుకు ఆధారముగ చేసికొన్న దేశములు బహు అరుదు. ఇతరులకు అచ్చటను దినముల లెక్కయే: ఆ సంవత్సరపు దినములు పూర్తిగను, ముందటి సంవత్సరపువి మూడవ వంతు, దాని ముందటివి ఆరవ వంతు కలిపి 183 అయి, ఆ సంవత్సరమున 31 దినములైనను ఉన్నచో అతడు పన్నుకు నివాసి. చదువునకై పోయిన విద్యార్థికి సాధారణముగ మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరముల దినములు ఈ లెక్కలోనికి రావు. అంతేగాక 1989లో కుదిరిన భారత, అమెరికాల ఒప్పందము భారతీయ విద్యార్థికి అచ్చటివారికి వలెనే ప్రామాణికమైన తగ్గింపు పొందు హక్కు నిచ్చినది.

చిన్నవాడు ఉద్యోగమున చేరి అమెరికా నివాసియైన పిమ్మట ఒక సంగతి మరువరాదు. బైరెడ్డిపల్లె దగ్గర బ్యాంకులో ఉన్న అతని ఎన్.ఆర్.ఇ. డిపాజిట్టు వడ్డీకి ఇచ్చట పన్ను లేదు. కాని అచ్చట కలదు. విదేశీ ఖాతాలలోని సొమ్ము మొత్తము ఏ దినముననైనను 10,000 డాలర్లు దాటినచో ఆ వివరము అచ్చటి ప్రభుత్వమునకు వేరుగ తెలుపవలెను. ఇచ్చట మినహాయింపు ఉన్నది గదాయని అచ్చట దాచినచో దండన కలదు.

ఏటేట మనుమలను చూడబోవు తలిదండ్రులకు కూడ ఈ లెక్క కొంత అవసరము. వరుసగ మూడు సంవత్సరములు ఏటికి 120 దినముల వంతున ఉన్నచో 120, 40, 20 కలిసి 180, హద్దు దాటలేదు. ఏటికి 180 దినముల వంతున ఉన్నచో 270 అగును. అట్టివారు ఆ సంవత్సరము 183 దినములలోపలనే ఉండి, తమ ఇల్లు, సంసారము భారతదేశముననే ఉన్నవని నిర్ణీత పత్రము దాఖలు చేసినచో నివాసులుగ పరిగణింపబడరు. పత్రము వేయవలెనని తెలియుటయే ఇక్కడ ముఖ్యము.

చిన్నవాడు పది, పన్నెండేండ్ల తరువాత తిరిగివచ్చి ఊరికి దగ్గరగా బెంగుళూరున స్థిరపడినాడనుకొందము. వచ్చిన మొదటి రెండు సంవత్సరములు, ఒక్కొకప్పుడు మూడు, అతడు మధ్య తరగతిలో ఉండును. ఆ కాలమున అమెరికాలో మిగిలిన డిపాజిట్ల వడ్డీకి, వాటాల లాభమునకు ఇచ్చట పన్ను రాదు. ఆ ఖాతాలను సర్దుకొనుటకు చట్టమిచ్చిన వ్యవధి అదియే. అది గడచి సాధారణ నివాసియైన పిదప విదేశమునందలి ఆస్తిని, ఖాతాలను రిటర్నులో చూపవలెను. చూపనిచో 2015 నాటి నల్లధనపు చట్టము ప్రకారము 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చును. 2024 అక్టోబరు 1 నుండి ఇల్లు, భూమి కాక తక్కిన విదేశీ ఆస్తుల మొత్తము విలువ 20 లక్షలు మించనిచో ఈ జరిమానా వర్తింపదు.

ఇంతవరకు పోయినవారి సంగతి. మన దేశమునకు వచ్చిన పరదేశీయుల మాట ఏమి? ఈ సీమకు వారును కొత్త కాదు. మదనపల్లె వద్ద ఆరోగ్యవరములోని క్షయ చికిత్సాలయమునకు తొలి అధిపతియైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ డెన్మార్కు దేశీయుడు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చినప్పుడు అచ్చటి కళాశాలలో ఉండిన జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశీయుడు. నేడు అనంతపురము సీమలో పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ఆరంభించిన మోటారు కార్ల కర్మాగారము వలన కొరియా దేశీయులు తెలుగునాట కాపురముండుట చూచుచున్నాము.

వారికిని తొలి ప్రశ్న అదియే: ఎన్ని దినములు? కొరియా ఇంజనీరు ఒకడు మొదటి సంవత్సరమున 200 దినములు ఇచ్చట ఉన్నచో నివాసి. కాని గడచిన ఏడు సంవత్సరములలో 729 దినములు లేడు గనుక సాధారణ నివాసి కాడు. స్వదేశమున ఉన్న అతని ఇంటి అద్దెపై మనకు పన్ను రాదు. ఇచ్చట చేసిన పనికి జీతము మాత్రము, అది ఆ దేశపు బ్యాంకులో జమయైనను, భారతదేశమున పుట్టిన ఆదాయమే, పన్ను కట్టవలెను. పని చేసిన చోటు ముఖ్యము గాని జీతము పడిన చోటు కాదు. కొలది దినములకై వచ్చినవానికి సడలింపు కలదు. సంవత్సరమున 90 దినములకు మించక, జీతమిచ్చు విదేశీ సంస్థ ఇచ్చట వ్యాపారము చేయనిదై, ఆ జీతమును ఇచ్చటి పన్ను లెక్కలో ఖర్చుగ చూపనిచో పన్ను లేదు. పలు దేశములతో మనకున్న ఒప్పందములలో ఈ గడువు సాధారణముగ 183 దినములు. పన్ను రేట్లలో మెట్లు స్వదేశికిని పరదేశికిని ఒక్కటే. 12 లక్షల రాయితీ కూడ నివాసియైన పరదేశీయునికి వర్తించును, ప్రవాసియైన భారతీయునికి వర్తింపదు. చట్టము పాస్‌పోర్టు రంగును కాక అందలి ముద్రల తేదీలను చూచునని మేము చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఒకే ఆదాయమునకు రెండు దేశములు పన్ను అడిగినచో గతియేమని కొందరు శ్రోతలకు సందేహము కలుగవచ్చును. దానికొరకే ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందములు. ఇరు దేశముల లెక్కలోను నివాసియైనవాని విషయమున స్థిరమైన ఇల్లు ఎచ్చట, కుటుంబ సంబంధములు, ఆర్థిక సంబంధములు ఎచ్చట దగ్గర, వాడుకగ నివసించునది ఎచ్చట, ఏ దేశపు పౌరుడు అని వరుసగ చూచి ఏదో ఒక దేశమునకు అతనిని అప్పగింతురు. తరువాత ఒక దేశమున కట్టిన పన్నును రెండవ దేశపు పన్నులో తగ్గింతురు. ఇది తనంత తాను జరుగదు. ఏ దేశ నివాసియో ఆ దేశపు అధికారుల నివాస ధ్రువపత్రము, అచ్చట పన్ను కట్టిన రసీదు దాఖలు చేసి కోరవలెను.

విదేశమున బిడ్డలున్న ప్రతి ఇంటను మూడు కాగితములు భద్రముగ ఉండుట మంచిది. పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రల నకలు మొదటిది. పాన్ కార్డు, బ్యాంకు ఖాతాలు ఏ పేరున, ఏ తరగతిలో ఉన్నవో తెలుపు పట్టిక రెండవది. భూమి, స్థలము కొన్న నాటి దస్తావేజు, చెల్లింపు రసీదులు మూడవది. ఇవి ఉన్నచో లెక్క తేలిక. లేనిచో ఎంతటి ఆడిటరు అయినను ఊహించి చెప్పవలసినదే. పెద్ద మొత్తముల బేరమైనను, తిరుగు ప్రయాణమైనను ఆ సంవత్సరము మార్చి 31 గడువక ముందే తెలిసినవారిని సంప్రతింపవలెను. గడచిన దినములను ఎవ్వరును వెనుకకు త్రిప్పలేరు.

ఈ వారము కువైటునకో, అమెరికాకో ఫోను చేయునప్పుడు యోగక్షేమములు అడిగిన పిమ్మట ఒక్క మాట అడుగుడు: "నాయనా, ఇచ్చటి పాత ఖాతాను మార్పించితివా? బ్యాంకు కోసిన సొమ్మునకు రిటర్ను వేసితివా?" ఆ బిడ్డ చెప్పు సమాధానమును బట్టి మీ ఇంటికి రావలసిన సొమ్ము ఏమైనను మిగిలియున్నదో లేదో తెలిసిపోవును.